ప్రసవ భద్రతా చెక్‌లిస్టు: ఆరేళ్ల వాడకం తరువాత

ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ప్రభుత్వాసుపత్రి లేబర్ రూమ్‌లో నేను స్టాఫ్ నర్సును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో విడుదల చేసిన సురక్షిత ప్రసవ చెక్‌లిస్టును ఆరేళ్లుగా నా డ్యూటీలో జరిగే ప్రతి కాన్పుకూ వాడుతున్నాను. అందులోని 29 అంశాలను నాలుగు సందర్భాల్లో చూసుకోవాలి: గర్భిణిని చేర్చుకునేటప్పుడు, కాన్పుకు కాస్త ముందు, బిడ్డ పుట్టిన గంటలోపు, ఇంటికి పంపేముందు. నర్సుకు తెలియని వైద్యం ఇందులో ఏదీ లేదు. తెలిసినదాన్ని అందరికీ ఒకేలా చేస్తున్నామా అని మాత్రం ఈ కాగితం చేతికి వచ్చేదాకా నేను సరిగా చూసుకోలేదు.

రెండేళ్ల కిందట ఒక రాత్రి, కొండ మీది ఊరి నుంచి కొంత దూరం డోలీలో, ఆపైన ఆటోలో ఒక తొలిచూలు గర్భిణి వచ్చింది. కువి తప్ప మరో భాష రాని ఆ అమ్మాయి ఏం అడిగినా తల దించుకుని ఊరుకుంది. బీపీ 150/100 ఉంది, మూత్రంలో ప్రొటీన్ రెండు ప్లస్‌లు వచ్చింది. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ మందు అవసరమా అన్న అంశం దగ్గర తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నాయేమో చూడమని ఉంటుంది కనుక, తెలుగు వచ్చిన వాళ్ల అత్త చేత ఒక్కొక్కటే అడిగించాను. పొద్దుటి నుంచి తల పగిలిపోతోందని, ఎదుటి మనుషులు మసకగా కనిపిస్తున్నారని అప్పుడు చెప్పింది. మొదటి డోసు ఇచ్చి 108లో పెద్దాసుపత్రికి పంపాం. ఫిట్స్ రాకుండానే కాన్పయింది. గట్టిగా మాట్లాడగలిగినవారిని, తెలిసినవాళ్లతో ఫోన్ చేయించుకున్నవారిని ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. నోరు విప్పని మనిషిని కూడా అడిగించేది ఈ కాగితమే, నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం అదే.

కాన్పుకు ముందు చూసుకోవలసిన భాగం కూడా ఎంతో మేలు చేసింది. ఇది లేని రోజుల్లో, నేను పనిచేసిన ఒక చోట, ఏడవని బిడ్డను చేతిలో పెట్టుకుని నేను నిలబడి ఉంటే, బిడ్డకు ఊపిరి అందించే బ్యాగ్, మాస్క్ తాళం వేసిన బీరువాలో ఉన్నాయి. తాళంచెవి ఇంటికి వెళ్లిపోయిన పగటి డ్యూటీ సిస్టర్ దగ్గర ఉంది. ఇప్పుడు మాస్క్, పొడి బట్టలు, కాన్పయ్యాక ఎక్కువ రక్తం పోకుండా తల్లికి ఇచ్చే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ పక్కన పెట్టుకున్నాకే బల్ల దగ్గరకు వెళతాను.

లోపాలూ ఉన్నాయి. వరుసగా కాన్పులు వచ్చిన రాత్రి ఒక్కరే ఉంటే, తెల్లవారాక అన్ని కాగితాల్లోనూ ఒకేసారి టిక్కులు పడతాయి. అలా నింపిన కాగితం ఎవరికీ పనికిరాదు. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాల్లో దీనిమీద జరిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2017లో వెలువడ్డాయి: నర్సుల పనితీరు మెరుగైంది, మరణాలు మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. నాకు అది వింతగా అనిపించలేదు. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచే ఫ్రిజ్, రాత్రిపూట రెండో నర్సు, రెఫర్ చేసిన చోట రక్తం, ఆపరేషన్ చేసే డాక్టరు ఉండాలి. వాటిని ఈ కాగితం తెచ్చిపెట్టలేదు.

నాకు ఇంకా కష్టంగా ఉన్నది చివరి భాగం. తల్లీబిడ్డలను 48 గంటలు ఉంచాలి. ఇంటి దగ్గర చిన్నపిల్లలున్నారని, ఊరికి వెళ్లే బండి దొరికిందని కొందరు మర్నాడే లేస్తారు. అందుకే ఎక్కువ రక్తస్రావం, జ్వరం, బిడ్డ పాలు తాగకపోవడం వంటి ప్రమాద సూచనలను ఆశా కార్యకర్త చేత వాళ్ల భాషలో చెప్పించి, తల్లి తిరిగి చెప్పాకే ఆ గడిలో టిక్ పెడుతున్నాను.