ఆత్మహత్య ఆలోచనల గురించి దాపరికం లేకుండా మాట్లాడనిచ్చిన కౌన్సెలింగ్ క్లినిక్

మనసు బాగాలేదని చెప్పుకోవడం ఒక ఎత్తు, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పడం మరో ఎత్తు. ఆ రెండో మాటను బెదరకుండా వినే మనిషి ఉన్నారా లేరా అన్న దానినిబట్టే హైదరాబాద్‌లో నేను వెళ్తున్న ఈ చిన్న క్లినిక్‌ను అంచనా వేస్తున్నాను.

ముందుగా లోపం. ముప్పావు గంటకు 1,500 రూపాయల ఫీజు నగరంలో మామూలే గానీ, నలుగురూ కూర్చున్న చోట రిసెప్షన్‌లో "మీ సమస్య ఏమిటండీ?" అని గట్టిగా అడిగి ఫారం నింపడం బొత్తిగా తగని పని. అక్కడి నుంచే వెనుదిరిగేవారు తప్పక ఉంటారు.

లోపలి గది తీరు వేరు. నేను చెప్పేవి గోప్యంగా ఉంటాయనీ, ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉందని తోస్తే మాత్రం నాకు చెప్పి, నేను నమ్మే ఒకరికి తెలియజేస్తామనీ సైకాలజిస్టు మొదటే స్పష్టం చేశారు. హద్దు ఎక్కడుందో తెలిశాక మాట్లాడటం తేలికైంది. పోలీసు కేసు భయం ఇంకా చాలామందిని వదలలేదు. నిజానికి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్‌లో, ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని సైతం తీవ్ర ఒత్తిడికి లోనైనవారిగానే భావించమంటోంది.

"బతకాలని లేదండీ" అని నేను నసుగుతుంటే, ఆమె పెన్ను పక్కన పెట్టి, "ఆత్మహత్య చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్లు జంకుతారు గానీ, పరిశోధనలు ఆ భయాన్ని బలపరచలేదు. ఎంత తరచుగా వస్తోంది, ఎప్పుడు ఉద్ధృతమవుతోంది, ఇంతవరకూ ఆపుతున్నదేమిటి అని, జ్వరం గురించి ఆరా తీసినంత నిదానంగా అడిగారు. ఇంట్లోవాళ్ల గురించి ఆలోచించుకోమన్న నీతిబోధ ఒక్కసారీ వినపడలేదు.

తరువాత నా చేతనే ఒక కాగితం రాయించారు: ఆ తలపు ముదిరే ముందు కనిపించే గుర్తులు, అప్పుడు ఒంటరిగా చేయగల పనులు, ఫోన్ చేయదగిన మనుషులు, ఇంట్లోని ప్రమాదకరమైన వస్తువులను ఎవరికి అప్పగించాలన్నది. "స్నేహితులు" అని రాస్తే ఒప్పుకోలేదు, పేరూ నంబరూ రాయమన్నారు. చివరి వరుసలో కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 రాయించారు. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. క్లినిక్ రాత్రి ఎనిమిదికే మూస్తారు గనుక ఆ వరుస అవసరమే.

ఆలోచనలు పూర్తిగా పోలేదు, కానీ వచ్చినప్పుడు ఎవరితో చెప్పాలో ఇప్పుడు తెలుసు. మందుల కోసం సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతారు, ఆ ఖర్చు వేరు. అపాయింట్‌మెంట్ తీసుకునేవారు వివరాలు లోపలే చెబుతామని ఫోన్‌లోనే అనండి, పట్టుబట్టరు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 14416కు ఫోన్ చేయండి, లేదా ఎవరినైనా తోడు తీసుకుని దగ్గరలోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.