సొంత టెక్ కంపెనీకి హెచ్‌-1బీనా, ఓ-1ఏనా?

అమెరికాలో చదువు అయ్యాక అక్కడే టెక్ కంపెనీ పెట్టాలనుకునేవాళ్లు ఐడియా కంటే ముందు వీసా సంగతి తేల్చుకోవాలి. హెచ్‌-1బీ కోటా ఏటా 85,000, అదీ లాటరీ. 2025 జనవరి నుంచి మెజారిటీ వాటా ఉన్న ఫౌండర్‌కీ ఇస్తామని రూల్‌లో స్పష్టంగా రాశారు, మంచిదే, కానీ మొదటి అప్రూవల్, తర్వాతి ఎక్స్‌టెన్షన్ ఒక్కోటి 18 నెలలకు మించదు కాబట్టి పెట్టుబడి కోసం తిరిగే రోజుల్లోనే మళ్లీ కాగితాల టెన్షన్ మొదలవుతుంది.

ఓ-1ఏ అంటే తమ రంగంలో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకు ఇచ్చే వీసా. దీనికి లాటరీ లేదు, కోటా లేదు, మొదటిసారే 3 ఏళ్ల వరకు వస్తుంది. పెద్ద అవార్డేమీ లేకపోతే 8 ప్రమాణాల్లో కనీసం 3 చూపించాలి: పరిశోధన పత్రాలు, మీ గురించి పత్రికల్లో వచ్చిన కథనాలు, ఇతరుల పనికి జడ్జిగా ఉండటం లాంటివి. అర్జీ మీ కంపెనీయే వేయొచ్చు. రికార్డు ఉన్నవాళ్లు ఇదే చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఒక్కటే ఇబ్బంది, ఓ-3 (ఓ-1 ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వచ్చే భార్య లేదా భర్త ఉద్యోగం చేయకూడదు.