హైదరాబాద్ నుంచి వైజాగ్: టికెట్ మీద గంటింపావు, ఇంటి నుంచి ఇంటికి ఆరు గంటలు

హైదరాబాద్, వైజాగ్ మధ్య గాలిదారి 510 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. నెట్‌లో దూరం కొట్టి చూస్తే ప్రయాణం ముప్పావుగంట అని చూపించేవి కూడా ఉన్నాయి, వాటిని నమ్మి ప్లాన్ వేసుకోకండి. ఇంత తక్కువ దూరంలో పైకి లేవడానికీ కిందికి దిగడానికే సగం టైమ్ పోతుంది, విమానం పూర్తి వేగంతో వెళ్లేది కాసేపే. పెద్ద జెట్ అయితే గంటా పది, గంటింపావు. అదే రెక్కల ముందు ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం ఏటీఆర్ అయితే ఇంకో పావుగంట వేసుకోవాలి.

అసలు ఆలస్యమంతా నేల మీదే. మేముండేది కూకట్‌పల్లి. శంషాబాద్ దాకా మెట్రో లేదు కాబట్టి క్యాబో పుష్పక్ బస్సో ఎక్కాలి, సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర ఖాయం. సామాను కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందు చేరితేనే టెన్షన్ ఉండదు. దిగాక బ్యాగుల కోసం ఎదురుచూపు, ఎన్‌ఏడీ జంక్షన్ దాటుకుని ఎంవీపీ కాలనీ చేరడం, అన్నీ కలిపితే ఐదున్నర నుంచి ఆరు గంటలు. పోయినసారి దిగాక ఇద్దరు క్యాబ్ డ్రైవర్లు వరుసగా క్యాన్సిల్ చేశారు, చివరికి బయట మాట్లాడుకున్న ఆటోలో వెళ్లాం.

వందే భారత్ సికింద్రాబాద్ నుంచి దాదాపు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల్లో తీసుకెళ్తుంది. 2023 సంక్రాంతికి మొదలైంది, తర్వాత రెండోది కూడా వేశారు. ఇంటి నుంచి లెక్కేస్తే పది గంటలు, అంటే విమానానికీ దీనికీ తేడా నాలుగు గంటలే. ఒక్కరే పని మీద వెళ్తుంటే ఆ నాలుగు గంటలూ విలువైనవే, విమానమే ఎక్కండి. పెద్దవాళ్లతో, పిల్లలతో అయితే మాత్రం నా ఓటు రైలుకే. లైన్లలో నిలబడే పని లేదు, విమానంలో లాగా ప్రతి బ్యాగూ తూచరు, ఊరగాయ జాడీ ఒళ్లో పెట్టుకుని వెళ్లొచ్చు. తెల్లవారుజామున బయల్దేరే బండి ఎక్కితే రాజమండ్రి దగ్గర గోదావరి పట్టపగలు కనిపిస్తుంది, అమ్మ ఆ వంతెన దాటేంతసేపూ చేతులు జోడించుకునే ఉంది. మధ్యాహ్నం బండికి ఆ భాగ్యం లేదు, అక్కడికి చేరేసరికి చీకటి పడిపోతుంది, వైజాగ్‌లో దిగేది అర్ధరాత్రికి దగ్గరగా.

బస విషయానికొస్తే, సముద్రం కోసమే వెళ్తుంటే ఆర్కే బీచ్ వైపు తీసుకోండి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు. రుషికొండ ప్రశాంతంగా ఉంటుంది కానీ ప్రతిదానికీ బండి కావాలి. అరకు రైలు ఎక్కాలనుకుంటే ముందు రోజు రాత్రి స్టేషన్ దగ్గరే లాడ్జి చూసుకోవడం మేలు, అది ఉదయం ఏడు లోపే కదులుతుంది.

ఇంకోటి, ఇప్పటిదాకా చెప్పిందంతా నేవీ ఆవరణలో ఉన్న పాత ఎయిర్‌పోర్టు లెక్క. విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో దిగితే ఊరి నుంచి దాదాపు 45 కిలోమీటర్లు. మధురవాడ వాళ్లకు అది పెద్ద ఇబ్బంది కాదు, విజయనగరం వాళ్లకైతే కలిసొస్తుంది. గాజువాక వాళ్లు మాత్రం ఊరంతా దాటి వెళ్లాలి కాబట్టి, వాళ్లకు విమానానికీ రైలుకూ తేడా ఇంకా తగ్గిపోతుంది.