నీటి ఆవిరి లెక్కకు ఏ మోడల్ మేలు?

హరితగృహ ప్రభావంలో దాదాపు సగం నీటి ఆవిరిదే. మేఘాలది పావు వంతు, కార్బన్ డయాక్సైడ్‌ది ఐదో వంతు. ఇంత పెద్ద వాటా ఉన్న ఆవిరిని క్లైమేట్ మోడళ్లు, అంటే భూమి వాతావరణాన్ని అంకెల్లో గణించే లెక్కలు, ఎంత బాగా పట్టుకుంటున్నాయన్నది తేలికగా వదిలేసే ప్రశ్న కాదు.

లెక్క కట్టే దారులు మూడు. భూమి వేడెక్కినా గాలిలో ఆవిరి ఇప్పుడున్నంతే ఉంటుందనుకోవడం ఒకటి. సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టుకోగల ఆవిరిలో నిజంగా ఉన్న వంతు, మారదనుకోవడం రెండోది. అప్పుడు ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. మూడోది పూర్తి స్థాయి మోడల్. అది ముందుగా ఏదీ అనుకోదు. సముద్రం నుంచి ఆవిరి లేవడం, గాలితో కదలడం, వానగా రాలడం అన్నిటినీ గణిస్తుంది.

మొదటిదాన్ని పక్కన పెట్టేయవచ్చు. 1967లో వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ ఒకే నిలువు గాలి స్తంభాన్ని తీసుకుని మొదటి రెండు దారులూ పరీక్షించారు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే మొదటి లెక్కలో 1.3 డిగ్రీలు పెరిగింది, రెండో లెక్కలో పెరుగుదల 2.3 దాటింది. వీటిలో ఏది నిజానికి దగ్గరో చూసే అవకాశం 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చింది. భూమి సుమారు అర డిగ్రీ చల్లబడింది, గాలిలో ఆవిరి కూడా తగ్గింది. ఆవిరి మార్పును లెక్కలోకి తీసుకున్న మోడల్‌కు ఆ చల్లదనం సరిగ్గా అందింది. ఆ మార్పును ఆపేసి నడిపితే చల్లదనం చాలా తక్కువగా వచ్చింది. ఈ విషయంలో నాకు ఇంతకన్నా గట్టి రుజువు కనబడలేదు.

అసలు పోటీ రెండు, మూడు దారుల మధ్యే. పూర్తి మోడళ్లు ఒకదానితో ఒకటి అన్నిటా ఏకీభవించవు. కొన్నిటిలో పై గాలి ఎక్కువ వేడెక్కుతుంది, అక్కడ ఆవిరీ ఎక్కువ చేరి వేడిని పట్టి ఉంచుతుంది. కానీ వేడెక్కిన ఆ పై గాలే అంతరిక్షంలోకి ఎక్కువ వేడిని వదిలేస్తుంది. ఈ రెండు తేడాలూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే రెండిటినీ కలిపి చూడాలి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదికలో ఈ ఉమ్మడి ప్రభావం, అంటే భూమి డిగ్రీ వేడెక్కితే అదనంగా నిలిచే వేడి, చదరపు మీటరుకు 1.3 వాట్లు, అటూ ఇటూ 0.2 మాత్రమే. అదే కొలతలో మేఘాల ప్రభావం అంచనా మాత్రం సున్నాకు కాస్త దిగువ నుంచి 0.9 దాకా చెదిరి ఉంది. భవిష్యత్తు వేడి మీద మిగిలిన అనిశ్చితికి ఆవిరిని తప్పుపట్టడం సరికాదు, ఎక్కువ భాగం మేఘాలదే.

ప్రపంచ సగటు ఉష్ణోగ్రత వరకైతే రెండో దారే చాలు. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అందులో తేటగా కనిపిస్తుంది. వాన ఎక్కడ పడుతుంది, నేల ఎక్కడ ఎండుతుంది అన్న ప్రశ్నలకు పూర్తి మోడల్ తప్పదు.

దానికీ లోపాలున్నాయి. సూర్యకాంతిని ఆవిరి పీల్చుకునే తీరును కొన్ని మోడళ్లు తక్కువగా లెక్కించాయి. అంతకన్నా నన్ను కలవరపెట్టేది మెట్ట, ఎడారి ప్రాంతాల సంగతి. 1980 నుంచి 2020 వరకు అక్కడి గాలిలో ఆవిరి పెరిగి ఉండాలని మోడళ్లు చెబుతున్నా, కొలతల్లో ఆ పెరుగుదల దాదాపు కనిపించలేదని 2024లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ ప్రాంతాల కరవును, కార్చిచ్చు ముప్పును అంచనా వేసేవాళ్లు మోడల్ ఇచ్చిన తేమను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. ముందు అక్కడి కొలతలతో సరిచూసి వాడాలి.