చేపల తొట్టికి కేహెచ్ సీసా: కొన్నేళ్లు వాడిన మీదట నా అభిప్రాయం

చుక్కలు వేసి నీటిని పరీక్షించే కిట్ల గురించి ఇప్పటికే ఎందరో రాశారు. అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు, పీహెచ్ సీసాలను ఎలా వాడాలో, ఏ రంగు దేనికి గుర్తో మళ్లీ చెప్పనవసరం లేదు. ఆ నాలుగింటి పక్కన చోటు దక్కక, చాలా కిట్లలో అసలు లేకుండా, పేరు పెట్టి అడిగితే తప్ప దుకాణదారు బయటికి తీయని ఒక చిన్న సీసా ఉంది. నీటిలోని కార్బొనేట్ కాఠిన్యాన్ని, అంటే నీరు ఆమ్లంగా మారకుండా అడ్డుకునే బైకార్బొనేటు ఎంత ఉందో చెప్పే కేహెచ్‌ను కొలిచే సీసా అది. మంచినీటి చేపల పెంపకంలో నన్ను ఇంతగా సంతోషపెట్టిన వస్తువు మరొకటి లేదు. కొత్తగా తొట్టి పెట్టుకునే బంధువులెవరైనా అడిగితే, అలంకరణ రాళ్లకూ ఖరీదైన లైటుకూ ముందు దీన్ని కొనమనే చెబుతున్నాను.

రంగుల అట్టతో పోల్చి చూసే అవసరం లేకపోవడం ఇందులోని మొదటి సుఖం. గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల తొట్టి నీరు తీసుకుని, ఒక్కొక్క చుక్కే వేసి కలుపుతూ పోతే, ముందు నీలంగా ఉన్న నీరు ఒకానొక చుక్క దగ్గర ఉన్నట్టుండి పసుపుకు తిరుగుతుంది. ఎన్నో చుక్కకు తిరిగితే అన్ని డిగ్రీలు. ఒక్కో డిగ్రీ లీటరుకు సుమారు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానం. అమ్మోనియా గొట్టాన్ని కిటికీ దగ్గర పట్టుకుని, ఇది పసుపేనా, ఆకుపచ్చ జాడ ఏమైనా ఉందా అని ఇంట్లో వారందరినీ పిలిచి అడిగే అలవాటున్న వారికి, చుక్కలు లెక్కపెట్టుకుంటే సరిపోయే ఈ పద్ధతి ఎంత నిశ్చింతగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ సీసా విలువ నాకు పూర్తిగా తెలిసింది ఒక వర్షాకాలంలో. మా ఫ్లాటు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంది. అపార్ట్‌మెంటు సంపులో నగరపాలక సంస్థ కుళాయి నీరు, సొంత బోరు నీరు కలుస్తాయి. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ వంటి జలాశయాల నుంచి నగరానికి చేరే నీరు మా కుళాయిలో మూడు డిగ్రీల కేహెచ్‌తో వస్తుండగా, మా బోరు నీరు పద్నాలుగు డిగ్రీలు చూపిస్తుంది. వేసవిలో కుళాయి నీరు చాలక బోరు వాటా పెరుగుతుంది, వానలు పడ్డాక అది తగ్గిపోతుంది. ఆ ఏడు వానలు బాగా కురవడంతో పాటు బోరు మోటారు మరమ్మతుకు వెళ్లడం వల్ల, కొన్ని వారాలు సంపులో పూర్తిగా కుళాయి నీరే ఉంది. ఇంట్లో వారంతా పప్పు త్వరగా ఉడుకుతోందని, బకెట్లకు తెల్లచారలు పట్టడం లేదని ఆనందించారు. తొట్టికి మాత్రం ఆ నీరు పడలేదు.

మాది వంద లీటర్లకు కాస్త పైబడిన తొట్టి, అందులో ఉన్నవి గోల్డ్‌ఫిష్‌లు. అవి ఎంత తింటాయో, అంతే మోతాదులో నీటిని పాడుచేస్తాయి. ఎప్పటి నుంచో సాఫీగా నడుస్తున్న ఫిల్టరు, మార్చని మేత, క్రమం తప్పని నీటి మార్పిడి అన్నీ యథాతథంగా ఉండగానే ఒక ఉదయం చేపలు మేతకు పైకి రాలేదు. అమ్మోనియా గొట్టం స్పష్టంగా ఆకుపచ్చకు తిరిగింది, అంటే నీటిలో అమ్మోనియా పేరుకుంది. నైట్రైటు సున్నా. పీహెచ్ గొట్టం అట్టమీద అన్నిటికన్నా కింద ఉండే 6.0 పసుపు రంగు చూపించింది. సాధారణ పీహెచ్ సీసాకు అంతకన్నా కిందికి చెప్పే శక్తి లేదు, నీరు 5.5కు పడిపోయినా అది అదే పసుపును చూపిస్తుంది. టీడీఎస్ మీటరు రోజూ చూపించే అంకె దరిదాపుల్లోనే ఉంది. నీళ్ల ఫిల్టరు అమ్మేవారి పుణ్యమా అని ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఈ మీటరు ఉంది గానీ, కరిగిన లవణాల మొత్తాన్ని చెప్పడమే దాని పని. బైకార్బొనేటు ఖర్చవుతూ నైట్రేటు పెరుగుతుంటే ఆ రెంటికీ తేడా దానికి తెలియదు.

చేపల సామాన్లు అమ్మే ఒక దుకాణానికి ఫోను చేస్తే, “బ్యాక్టీరియా చచ్చిపోయింది మేడమ్, నీళ్లన్నీ తీసేసి బోరు నీళ్లు పట్టండి, బ్యాక్టీరియా సీసా ఒకటి పంపిస్తాను” అన్నారు. ఆ మాట వినడానికి సబబుగానే ఉంది. అయితే నీళ్లు తోడే ముందు కేహెచ్ చూశాను. మొదటి చుక్క పడగానే గొట్టంలో నీరు నీలం ఛాయ కూడా చూపకుండా పసుపైపోయింది. మా తొట్టిలో ఆమ్లాన్ని అడ్డుకునే బైకార్బొనేటు దాదాపు ఏమీ మిగలలేదని ఆ ఒక్క చుక్క చెప్పింది.

ఎందుకు మిగలలేదో లెక్క వేసి చూస్తే విషయం తేటతెల్లమైంది. ఫిల్టరులోని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేటుగా మారడానికి, కాల్షియం కార్బొనేటు లెక్కలో, సుమారు ఏడు మిల్లీగ్రాముల క్షారత, అంటే కేహెచ్ సీసా కొలిచేదే, ఖర్చవుతుంది. మూడు డిగ్రీల కుళాయి నీటిలో ఉండేది లీటరుకు 54 మిల్లీగ్రాములు. అది ఏడున్నర మిల్లీగ్రాముల నైట్రోజన్‌కు సరిపోతుంది. నైట్రేటు బరువు అందులోని నైట్రోజన్‌కు సుమారు 4.4 రెట్లు కాబట్టి, ఆ నీటిలో నైట్రేటు 33 మిల్లీగ్రాములు పోగయ్యేసరికి కేహెచ్ మొత్తం అయిపోతుంది. చాలామంది పెంపకందారులు నైట్రేటు 40 దాటకుండా చూసుకుంటే చాలనుకుంటారు. మా కుళాయి నీటితో ఆ 40కి చేరకముందే తొట్టి ఆసరా కోల్పోతుంది. కేహెచ్ అయిపోయాక ఆమ్లాన్ని ఆపేది లేక పీహెచ్ జారుతుంది, అది 6 దాకా దిగేసరికి ఆ సూక్ష్మజీవుల పని బాగా మందగిస్తుంది, అప్పుడు అమ్మోనియా పేరుకుంటుంది. సూక్ష్మజీవులు ఫిల్టరులోనే ఉన్నాయి, పని చేసేందుకు వాటికి కావలసిన నీరే కరువైంది.

దుకాణదారు చెప్పినట్టు బోరు నీరు పట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పాలి, ఎందుకంటే ఈ సలహా నగరంలో మామూలుగా వినిపించేదే. పరీక్షలో కనిపించే అమ్మోనియా మొత్తం విషం కాదు. పీహెచ్ 6 దగ్గర అందులో చేపలను చంపే రూపం వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు, మిగిలినదంతా అంతగా హాని చేయని అమ్మోనియంగా ఉంటుంది. మన వాతావరణంలో తొట్టి నీరు 28 డిగ్రీల వేడిమి దగ్గర ఉన్నప్పుడు, అదే నీటి పీహెచ్ 8కి ఎగిస్తే ఆ విషరూపం నూటికి ఆరేడు వంతులకు చేరుతుంది. తొట్టిలో మిగిలిన పాత నీటికి, ఫిల్టరులో నిలిచిన దానికి ఒక్కసారిగా బోరు నీటి పీహెచ్ తోడైతే, అప్పటిదాకా నీరసంగా ఉన్నా బతికి ఉన్న చేపలకు ఆ మార్పు ప్రాణాంతకమవుతుంది. నీరు మార్చిన గంటల్లోనే చేపలు పోయాయని, క్లోరిన్ వల్ల కాబోలునని అనుకునే సందర్భాల్లో కొన్నిటికి ఇదే కారణం కావచ్చని నాకు అనిపిస్తుంది.

మేము మేత ఆపి, క్లోరిన్ పోగొట్టిన కుళాయి నీటితోనే రోజూ కొద్దికొద్దిగా మార్చి, ముందు అమ్మోనియాను పలచన చేశాం. ఆ తరువాతే వంట సోడాను నీటిలో కరిగించి వేయడం మొదలుపెట్టాం. వంద లీటర్లకు మూడు గ్రాములు వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. రోజుకు అంతకు మించి పెంచలేదు, ప్రతిసారీ చుక్కలు లెక్కపెట్టాకే మరుసటి మోతాదు నిర్ణయించాం. నాలుగు డిగ్రీలకు చేరేసరికి ఫిల్టరు తన పని తాను అందుకుంది. ఏ బ్యాక్టీరియా సీసా పోయకుండానే అమ్మోనియా గొట్టం మళ్లీ పసుపుగా నిలిచింది. ఒక్క చేప కూడా పోలేదు. ఒరాండా రకం పెద్ద గోల్డ్‌ఫిష్ తోక అంచులు చిరిగినట్టయి కోలుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఇప్పుడు ఫిల్టరులో ఒక చిన్న వలసంచిలో ఆల్చిప్పల ముక్కలు ఉంచుతున్నాం. కోళ్ల దాణా అమ్మే చోట అవి చవకగా దొరుకుతాయి, దుమ్ము పోయేదాకా కడిగితే చాలు. నీరు ఆమ్లం వైపు మొగ్గే కొద్దీ అవి త్వరగా కరుగుతాయి కాబట్టి సోడా మోతాదు గురించి రోజూ ఆలోచించాల్సిన పని తప్పింది.

ఇంతగా మెచ్చుకున్న సీసాలో లోటు లేదనలేను. ఐదు మిల్లీలీటర్లతో పరీక్షిస్తే ఒక్క చుక్కే ఒక డిగ్రీ అవుతుంది. పద్నాలుగు డిగ్రీల బోరు నీటికి ఆ తేడా లెక్కలోకి రాదు గానీ, రెండుకీ మూడుకీ మధ్య ఊగే కుళాయి నీటికి అది పెద్దదే. అందువల్ల నేను పది మిల్లీలీటర్లు తీసుకుని చుక్కల సంఖ్యను సగం చేస్తాను, అప్పుడు సీసా రెట్టింపు వేగంతో అయిపోతుంది. సీసాను నిటారుగా పట్టుకోకపోతే చుక్క పరిమాణం మారి లెక్క తప్పుతుంది. రంగుల అట్టతో పని లేదని మొదట అన్నాను, అది పగటి వెలుగులో నిజం. రాత్రి పసుపు వెలుగు బల్బు కింద నీలానికీ పసుపుకూ మధ్య వచ్చే ఆకుపచ్చ దశ కాస్త తికమక పెడుతుంది. పీహెచ్ స్థిరంగా ఉంచుతామని చెప్పి అమ్మే కొన్ని పొడుల్లో ఫాస్ఫేటు ఉంటుంది. వాటిని వాడే తొట్టిలో ఈ సీసా ఆ ఫాస్ఫేటును కూడా కలిపి లెక్కిస్తుంది కనుక, అక్కడ వచ్చే అంకెను కార్బొనేటుగా నమ్మడానికి వీల్లేదు.

పరీక్ష పట్టీల మీదా కేహెచ్ గడి ఉంటుంది కదా అని అడిగేవారున్నారు. సముద్రానికి ఇంత దగ్గరగా ఉండే మన గాలిలోని తేమకు, డబ్బా మూత నాలుగైదుసార్లు తీసేసరికి ఆ గడుల రంగులు నీటిలో ముంచకముందే మారిపోవడం చూశాను. కొండల మీది పొడి గాలిలో అవి బాగా పనిచేస్తాయేమో గానీ, విశాఖలో నాకు ఉపయోగపడలేదు.

ఈ సీసా అందరికీ అవసరమా అంటే, వారి నీటిని బట్టి చెప్పాల్సిన మాట అది. గాజువాకలో మా అక్కా బావగార్లది పూర్తిగా బోరు నీరే. వారి తొట్టిలో ఎప్పుడు చూసినా పన్నెండు చుక్కలకు తక్కువ చూపించదు. గప్పీలు, మోలీలు అందులో హాయిగా ఉన్నాయి. వారు ఏడాదికి ఒకసారి మా సీసా అడిగి చూసుకుంటే చాలు, కొనుక్కోవాల్సిన పని లేదు. మెత్తటి నీటినే కోరుకునే టెట్రాలను కావాలని తక్కువ కేహెచ్‌లో పెంచేవారు నేను చెప్పిన నాలుగు డిగ్రీలను ప్రమాణంగా తీసుకోకూడదు. వారికి తక్కువ చేపలు, మితమైన మేత, దట్టమైన మొక్కలు ఆ పని చేసిపెడతాయి. మాలాగా ఋతువును బట్టి సంపులో నీరు మారే ఇంట్లో, అదీ గోల్డ్‌ఫిష్‌లను పెంచేవారికి మాత్రం, నెలకు రెండుసార్లు తొట్టి నీటిని, వానలు మొదలైనప్పుడు ఒకసారి కుళాయి నీటిని దీనితో చూసుకోమని నిస్సంకోచంగా చెబుతాను. కొనేటప్పుడు అట్టపెట్టె మీది గడువు తేదీ చూసి, చిన్న సీసానే తీసుకోవడం మంచిది. పెద్దది అయిపోయేలోపే గడువు తీరుతుంది.