లివింగ్ విల్లు ఆన్‌లైన్‌లో రాయాలంటే ఏది మేలు?

“పిల్లలు అమెరికా నుంచి ఏదో లింకు పంపారండీ. అది నింపి ప్రింటు తీసుకుంటే మన దగ్గర చెల్లుతుందా?” విజయవాడలో, గుంటూరులో నాకు తెలిసినవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. దాని వెంటే ఇంకొకటి వస్తుంది. “డబ్బులు కడితే రాసిచ్చే వెబ్‌సైట్లు ఉన్నాయట కదా, వాటికంటే ప్లీడరు దగ్గరికి వెళ్లడం నయమా?” మా వారూ నేనూ ఈ ఏడాదే మా కాగితాలు రాసుకున్నాం. అందుకోసం ఈ దారులన్నీ చూశాను. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తే నయమనిపించింది.

లివింగ్ విల్లు అంటే, కోలుకునే ఆశ లేక నోట మాట రాని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే రాసి పెట్టుకునే కాగితం. అది ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇమ్మని అడగడం కాదు. చట్టం సంగతి మాత్రం రెండు మాటల్లో గుర్తు చేస్తాను, ఏ ఫారం పనికొస్తుందో తేలేది అక్కడే కాబట్టి. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ పత్రానికి గుర్తింపు ఇచ్చింది. అప్పుడు ఇద్దరు సాక్షులతోపాటు ఫస్ట్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కూడా ఉండాలన్నారు. ఆచరణలో అది కొరుకుడు పడలేదు. 2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నాయకత్వంలోని ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని సడలించింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరించుకుంటే ఇప్పుడు సరిపోతుంది. కాబట్టి మీరు డౌన్‌లోడ్ చేసుకున్న ఫారంలో మేజిస్ట్రేటు సంతకానికి ఖాళీ కనిపిస్తే అది పాతది. పక్కన పెట్టేయండి.

ముందుగా అమెరికా లింకుల సంగతి. పిల్లలు ఎక్కువగా పంపేవాటిలో ‘ఫైవ్ విషెస్’ ఒకటి. ప్రశ్నలు చాలా మనసుపెట్టి రాశారు. మీ తరఫున ఎవరు మాట్లాడాలి, ఎలాంటి వైద్యం కావాలి, ఏది వద్దు, శరీరానికి ఎంత హాయిగా ఉండాలి, చుట్టూ ఉన్నవాళ్లు మీతో ఎలా మెలగాలి, మీవాళ్లకు ఏం చెప్పాలనుకుంటున్నారు అని అయిదు భాగాలుగా అడుగుతుంది. మనింట్లో ఇలాంటి మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకు ఇది మంచి ఆసరా. కానీ దాని సాక్షుల నిబంధనలు అక్కడి రాష్ట్రాల చట్టాలకు తగ్గట్టు ఉంటాయి. మన కోర్టు అడిగిన నోటరీ ధ్రువీకరణ, స్థానిక సంస్థకు (కార్పొరేషన్‌కో పంచాయతీకో) కాపీ అందులో ఉండవు. అలాగే అక్కడ విడిగా దొరికే డీఎన్ఆర్ ఫారం (గుండె ఆగితే మళ్లీ ఆడించే ప్రయత్నం వద్దనే కాగితం) నింపి ఇక్కడ పర్సులో పెట్టుకుని తిరిగితే ఉపయోగం లేదు. మన దగ్గర గుండె ఆగితే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి గుండెను ఆడించే ప్రయత్నం, చేయకూడదన్నది వైద్యం చేస్తున్న డాక్టరు, రోగితోనో కుటుంబంతోనో మాట్లాడి కేసు షీట్లో రాసే నిర్ణయం. దానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకే ఈ లింకులను ఇంట్లో మాట్లాడుకోవడానికి వాడండి, సంతకం పెట్టే కాగితంగా వద్దు.

రెండోది మన దేశంలోనే డబ్బులు తీసుకుని విల్లులు రాసిచ్చే వెబ్‌సైట్లు. కొన్ని ఆస్తి విల్లుతోపాటు లివింగ్ విల్లునూ కలిపి ప్యాకేజీగా ఇస్తాయి. సౌకర్యంగానే ఉంటుంది. పేరు, ఆధార్ నంబరు, నాలుగైదు పేజీల ప్రశ్నలు, చివరికి చక్కటి పీడీఎఫ్. నాకు నచ్చనిది ఆ కలపడమే. ఆస్తి విల్లు మనం పోయాక తీసేది. లివింగ్ విల్లు మనం ఉండగానే, నోట మాట రాని స్థితిలో అక్కరకు రావాలి. రెండూ ఒకే కవర్లో పెట్టి బీరువాలో దాస్తే, పెద్దకర్మ అయ్యాక గానీ ఎవరూ తెరవరు. ఇంకో సంగతి, ఆధార్ ఓటీపీతో ఆన్‌లైన్లోనే సంతకం పూర్తయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మి ఊరుకోవద్దు. నోటరీయో గెజిటెడ్ అధికారో ధ్రువీకరించనిదే ఆ పత్రం సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతిలో పూర్తయినట్టు కాదు.

మూడోది, డాక్టర్ల సంఘాలూ పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) సంస్థలూ ఉచితంగా ఇచ్చే నమూనాలు. ఐసీయూ వైద్యుల సంఘం, పాలియేటివ్ కేర్ వైద్యుల సంఘం, తిరువనంతపురంలోని పాలియం ఇండియా లాంటివి ఈ విషయం మీద చాలాకాలంగా పనిచేస్తున్నాయి. వీటిలో హంగూ ఆర్భాటం ఉండదు. ప్రింటు తీసుకుని పెన్నుతో నింపాలి. మేం ఎంచుకున్నది ఇదే. ఎందుకో చెప్పాలంటే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం దగ్గరికి రావాలి.

అందరూ ఫారంలో చూసేది చికిత్సల జాబితాని. వెంటిలేటర్ కావాలా వద్దా, డయాలసిస్ కావాలా వద్దా, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఇవ్వాలా వద్దా అని వరసగా గడులు. టిక్కులు పెట్టేస్తే పని అయిపోయిందనిపిస్తుంది. కానీ 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రికి (జీజీహెచ్) గులియన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు కేసులు వరసగా వచ్చినప్పుడు ఇక్కడ అందరం ఎంత టెన్షన్ పడ్డామో గుర్తు తెచ్చుకోండి. ఆ జబ్బు ముదిరితే ఊపిరి తీసుకునే కండరాలు కూడా చచ్చుబడతాయి. కొందరికి వారాల తరబడి వెంటిలేటర్ కావాలి. అయినా సరైన వైద్యం అందితే చాలామంది మెల్లగా కోలుకుంటారు. అలాంటి చోట “వెంటిలేటర్: వద్దు” అన్న టిక్కు చేతిలో పట్టుకుని ఇంట్లోవాళ్లు ఏం చేయాలి? వద్దన్నది వెంటిలేటర్‌నా, బాగయ్యే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ మీద ఉంచడాన్నా? ఆ తేడా గడిలో పట్టదు. మనకు రేపు ఏ జబ్బు వస్తుందో, ఏ వయసులో వస్తుందో ఏ ఫారమూ ముందుగా ఊహించలేదు. అప్పుడు మన కాగితం చేత్తో పట్టుకుని, మన మనసు తెలిసి మాట్లాడే మనిషి కావాలి.

కోర్టు చెప్పిన పద్ధతి కూడా ఆ మనిషి చుట్టూనే తిరుగుతుంది. ఆస్పత్రిలో వైద్యం చేస్తున్న డాక్టరు, అయిదేళ్లకు తక్కువ కాని అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి ప్రైమరీ బోర్డుగా చూస్తారు. తర్వాత జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరుతో, వేరే ఇద్దరు నిపుణులతో సెకండరీ బోర్డు. ఒక్కో బోర్డూ వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. చికిత్స ఆపేముందు మేజిస్ట్రేటుకి సమాచారం ఇవ్వాలి, అంతే. ఆయన అనుమతి కోసం ఆగనక్కర్లేదు. ఇదంతా జరిగేటప్పుడు రోగి మాట్లాడలేకపోతే, ఒప్పుకోలు తీసుకునేది పత్రంలో పేరున్న మనిషి దగ్గరే. అంటే ఆ ఒక్క గడిలో ఎవరి పేరు రాశామన్నదే మిగతా పేజీలన్నిటినీ నడిపిస్తుంది.

మన రెండు ఊళ్లలో ఎన్ని ఇళ్లు చూసినా కథ ఒకటే. పెద్దవాళ్లు పటమటలోనో బ్రాడీపేటలోనో, పిల్లలు డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో. ఫారంలో దగ్గరి బంధువు అనగానే చేయి తనంతట తానే కొడుకు పేరు రాస్తుంది. అర్ధరాత్రి సూర్యారావుపేట ఆస్పత్రిలో ఐసీయూ డాక్టరు బయటికొచ్చి “పేషెంట్ తాలూకు ఎవరు?” అన్నప్పుడు లేచి నిలబడేది ఎవరు? తమ్ముడో, మేనల్లుడో, పక్క ఫ్లాటు ఆయనో. వాళ్ల పేరు కాగితంలో లేకపోతే వాళ్ల మాటకు బలం ఉండదు. తీర్పు ఒక్క పేరే రాయాలనలేదు. ఒకరికి మించి రాసుకోవచ్చు. కొన్ని వెబ్‌సైట్ల ప్రశ్నావళిలో ఆ చోట ఒక్క పేరే పడుతుంది, మాట రాయడానికి ఖాళీ ఉండదు. ఉచిత నమూనాలో ఆ ఖాళీ మన చేతిలో ఉంటుంది, కావాలంటే ఇంకో పేజీ జత చేసుకోవచ్చు. నా మొగ్గు అటు ఉండటానికి అసలు కారణం ఇదే.

మా ఇంట్లో ఈ పేరు దగ్గరే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. మా వారు తన మేనల్లుడి పేరు రాస్తానంటే ఆ అబ్బాయి వెనకడుగు వేశాడు. “మావయ్యా, రేపు నలుగురూ ఏమంటారు? బావ ఉండగా నేనెవర్ని నిర్ణయించడానికి?” అన్నాడు. మా వారు ఆ కాగితం అతని చేతికిచ్చి, “నువ్వు నిర్ణయించేదేమీ లేదురా. నిర్ణయం ఇందులో ఉంది. అది డాక్టరుకి చదివి చెప్పడమే నీ పని,” అన్నారు. తర్వాత అమెరికాలో ఉన్న మా అబ్బాయికి వీడియో కాల్ చేసి, మేనల్లుడి ఎదుటే అంతా చదివి వినిపించాం. మొదటి పేరు మేనల్లుడిది, రెండోది అబ్బాయిది. “అందుబాటులో ఉన్నవారు మాట్లాడవచ్చు, ఇద్దరూ ఒకరితో ఒకరు ఫోన్లో సంప్రదించాలి” అని రాశాం. ఈ సంభాషణ ఏ వెబ్‌సైటూ మన బదులు చేయలేదు.

చికిత్సల చోట మా వారు టిక్కులు మానేసి తెలుగులో ఇలా రాశారు. “నేను కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చిన తర్వాత వెంటిలేటర్, డయాలసిస్ కొనసాగించవద్దు. గుండె ఆగితే ఛాతీ నొక్కవద్దు. ఆశ ఉందో లేదో తేలేవరకు చికిత్స చేయండి. నొప్పికి, ఆయాసానికి మందు ఏ దశలోనూ ఆపవద్దు.” మా ఫ్యామిలీ డాక్టరు చదివి, ‘తేలేవరకు చేయండి’ అన్న మాట ఉండటం చాలా అవసరమన్నారు. పత్రం ఫలానా భాషలోనే ఉండాలని తీర్పు అనలేదు. కానీ మంగళగిరి ఎయిమ్స్ లాంటి చోట తెలుగు చదవలేని డాక్టర్లు కూడా ఉంటారు కాబట్టి ఇంగ్లీషు పేజీ ఒకటి జత చేసి రెండిటి మీదా సంతకాలు చేయించుకోవడం మంచిది.

ప్లీడరు దారి ఎవరికంటే, ఇంట్లో గొడవలున్నవాళ్లకు, రెండో పెళ్లి కుటుంబాలకు, పిల్లల మధ్య మాటల్లేనివాళ్లకు. అలాంటి చోట పత్రం మీద తర్వాత అభ్యంతరాలు రాకుండా ఎవరో ఒకరు జాగ్రత్తగా రాయడం అవసరం. మిగతావాళ్లకు అంత ఖర్చు అక్కర్లేదు.

చాట్‌బాట్ చేత రాయించుకోవడం గురించి కూడా అడిగారు. వాక్యాలు సాఫీగా ఉంటాయి గానీ అమెరికా పద్ధతి, 2018 నాటి పాత నిబంధన, మన చట్టం కలగాపులగం కావచ్చు. ముఖ్యంగా వైద్యానికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిమ్మంటే అది రాసిచ్చేస్తుంది. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం లేకపోతే ఆ అధికారం కూడా రద్దవుతుంది. సరిగ్గా మనకు కావలసినప్పుడే పనికిరాదన్నమాట. అలాగే 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనూ ముందస్తు సూచనల పత్రం ఒకటి ఉంది. అది మానసిక చికిత్స కోసం. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఆ ఫారం నింపకండి.

ఇక సంతకాల పని. కోర్టు దగ్గర నోటరీల్లో కొందరికి ఈ పత్రం కొత్త. మేం వెళ్లినచోట “ఆస్తి విల్లా అమ్మా?” అని అడిగి, తీర్పు కాపీలో ఆ భాగం చూపించాక చదివి ముద్ర వేశారు. అందుకే ఆ పేజీ ప్రింటు వెంట తీసుకెళ్లండి. తెలిసిన గెజిటెడ్ అధికారి ఉంటే అదీ మంచి దారే. సాక్షులు బయటివాళ్లైతే మేలు. కాపీ ఒకటి కార్పొరేషన్ ఆఫీసులో కమిషనర్ పేరున కవరింగ్ లెటర్‌తో ఇచ్చి, మన కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. పల్లెలో ఉంటే పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి. ఇంకొకటి ఫ్యామిలీ డాక్టరుకి, ఇంకొకటి పేరు రాసిన మనిషికి. తీర్పు డిజిటల్ ఆరోగ్య రికార్డుల్లో చేర్చుకోవచ్చని కూడా చెప్పింది కాబట్టి ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) వాడేవాళ్లు స్కాన్ చేసి అందులోనూ ఉంచుకోండి. స్కాన్ కాపీ మీ మనిషి ఫోన్లో ఉండటం మాత్రం తప్పనిసరి.

ఏటా ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి వచ్చేవాళ్లు అక్కడికి ఆ రాష్ట్రం ఫారం, ఇక్కడికి ఇక్కడిది విడిగా రాసుకోవాలి. ఏది ఏ దేశంలో వైద్యానికో మొదటి వాక్యంలోనే రాయండి. ఎందుకంటే ఒకటికి మించి పత్రాలుంటే చివరగా సంతకం చేసినదాన్నే మన మాటగా తీసుకోవాలని మన కోర్టు చెప్పింది. మనసు మారితే రాతపూర్వకంగా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. భార్యాభర్తలు ఇద్దరూ కలిపి ఒకే పత్రం రాయకుండా, ఎవరిది వారు వేరుగా రాసుకోవడం మేలు.