తేనెనా సిరప్పా, తడిగుడ్డా పారాసిటమాలా: నర్సును అడిగే ప్రశ్నల్లో ఏది మేలు?

డాక్టరును అడగడానికి మొహమాటపడే ప్రశ్నలన్నీ చివరికి మన నర్సుల దగ్గరికే వస్తాయి. "సిస్టర్, పాపకు తేనె నాకించొచ్చా?" "కాలిన చోట టూత్‌పేస్టు రాశామండీ, పర్వాలేదా?" "కాలు బెణికింది, ఐస్ పెట్టాలా, కాపడం పెట్టాలా?" వీటికి "ఇంటి చిట్కాలు వద్దు, మందులే వాడండి" అనేయడం తేలిక. "దానివల్ల నష్టమేం లేదులే" అనడం ఇంకా తేలిక. నా మటుకు రెండూ తప్పించుకునే జవాబులే. చిట్కాకు కూడా మందులాగే డోసు ఉంటుంది, వయసు చూడాలి, పడనివాళ్లు ఉంటారు. కొన్నిచోట్ల చిట్కాయే గెలుస్తుంది, కొన్నిచోట్ల మందు, ఒక్కోచోట రెండూ దండగే.

దగ్గు: తేనె, సిరప్

జలుబుతో వచ్చిన దగ్గు దానంతటదే పోతుంది. కాకపోతే రెండు మూడు వారాలు తీరిగ్గా పోతుంది. ఈలోపు అసలు బాధ రాత్రి నిద్ర లేకపోవడం, పిల్లకూ తల్లికీ. కాబట్టి ఇక్కడ చూడాల్సింది దగ్గును ఏది నయం చేస్తుందని కాదు, ఏది ఆ రాత్రి గడిచేలా చేస్తుందని.

2007లో అమెరికాలో 2 నుంచి 18 ఏళ్ల లోపు 105 మంది పిల్లల మీద ఈ పరీక్ష చేశారు. పడుకునే ముందు కొందరికి ఒక్క డోసు తేనె ఇచ్చారు, కొందరికి తేనె రుచి కలిపిన డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనే దగ్గు సిరప్ ఇచ్చారు, మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఏమీ తీసుకోని పిల్లలకన్నా తేనె తీసుకున్నవాళ్లకు దగ్గు బాగా తగ్గింది, నిద్రా పట్టింది. సిరప్ తాగినవాళ్లకూ ఏమీ తాగనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే తేనెనూ సిరప్‌నూ నేరుగా పక్కపక్కన పెడితే తేడా లెక్కల్లో నిలబడలేదు. తేనె అభిమానులు ఈ ముక్కను చెప్పకుండా దాటేస్తుంటారు. 2012లో ఇజ్రాయెల్‌లో 1 నుంచి 5 ఏళ్ల పిల్లలు 300 మందికి 10 గ్రాముల తేనె గానీ, చూడటానికి అలాగే ఉండే ఖర్జూరపు పాకం గానీ ఇచ్చి చూశారు. అక్కడా తేనెదే పైచేయి. ఏడాది దాటినవాళ్లకు మామూలు దగ్గులో తేనె వాడొచ్చని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ కూడా చెబుతోంది.

డోసు సంగతికొస్తే, ఆ 2007 పరీక్షలో 2 నుంచి 5 ఏళ్లవాళ్లకు అర టీస్పూను, 6 నుంచి 11 ఏళ్లవాళ్లకు ఒకటి, ఆపై వాళ్లకు రెండు ఇచ్చారు. గంటకోసారి నాకించే మందు కాదిది.

తేనె చిత్తుగా ఓడిపోయే చోటు ఒకటుంది. ఏడాది నిండని పసిబిడ్డకు చుక్క కూడా పనికిరాదు. తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బాక్టీరియా స్పోర్లు (గట్టి విత్తనాల్లాంటివి) ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఏమీ చెయ్యలేవు, పసిబిడ్డ పేగుల్లో మాత్రం మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. "మరిగించి ఇస్తామండీ" అంటారు కొందరు. ఇంటి పొయ్యి మీద మరిగిస్తే ఆ స్పోర్లు చావవు. మలబద్ధకం, నీరసమైన ఏడుపు, పాలు సరిగ్గా పీల్చలేకపోవడం, రెప్పలు వాలిపోవడం, ఒళ్లంతా వేలాడిపోవడం, ఇవన్నీ కలిసి ఉన్న బిడ్డ వస్తే తేనె పెట్టారా అని అడగాలి. పాలపీకకు రాశారా అని కూడా అడగాలి, ఎందుకంటే దాన్ని చాలామంది పెట్టడం కింద లెక్కవేయరు. షుగర్ ఉన్నవాళ్లకు ఒక టీస్పూను తేనెలో దాదాపు 6 గ్రాముల చక్కెర ఉందని గుర్తుచేస్తే చాలు.

సిరప్ వైపు కూడా గుంతలున్నాయి. కోడైన్ (నల్లమందు జాతి మందు) ఉన్నది 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. కొందరి లివర్ దాన్ని చకచకా మార్ఫిన్‌గా మార్చేస్తుంది, దాంతో ఊపిరి మందగిస్తుంది. ఏడాది దాటిన పిల్లకు మామూలు జలుబు దగ్గే అయితే నా ఓటు తేనెకే. దగ్గుతోపాటు డొక్కలు ఎగరేస్తుంటే మాత్రం తేనె సీసా, సిరప్ సీసా రెండూ పక్కన పెట్టి నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టండి. 2 నుంచి 11 నెలల బిడ్డకు 50, 1 నుంచి 5 ఏళ్ల పిల్లకు 40, అంతకు చేరితే వేగంగా ఉన్నట్టే.

జ్వరం: తడిగుడ్డ, పారాసిటమాల్

ఇది తేలాలంటే జ్వరం ఎలా వస్తుందో చూడాలి. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మెదడులోని హైపోథాలమస్ శరీరం వేడిని తానే పెంచుతుంది. 37 దగ్గర ఉన్న మీటను 39కి జరిపిందనుకోండి. అప్పుడు మనం తడిగుడ్డతో తుడిస్తే చర్మం చల్లబడుతుంది, కానీ మీట 39 దగ్గరే ఉంది. శరీరం వణికి మళ్లీ వేడి పుట్టిస్తుంది. థర్మామీటర్‌లో అరగంట పాటు అంకె తగ్గుతుంది, పిల్ల ఏడుస్తుంది, తర్వాత అంకె మళ్లీ ఎక్కుతుంది. పారాసిటమాల్ ఆ మీటను పైకి నెట్టే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తగ్గించి ఆ మీటనే కిందికి దింపుతుంది. అందుకే నైస్ మార్గదర్శకాలు పిల్లల జ్వరానికి తడిగుడ్డ తుడుపు వద్దన్నాయి. స్పిరిట్‌తో తుడవడం ఇంకా ప్రమాదం. అది చర్మం నుంచి, ఊపిరి నుంచి ఒంట్లోకి పోతుంది, చిన్నపిల్లల్లో షుగర్ పడిపోవచ్చు.

అలాగని పారాసిటమాల్‌కు పూర్తి మార్కులు వేయను. జ్వరంతో వచ్చే ఫిట్స్‌ను అది ఆపదు. పిల్ల హాయిగా ఉండి ఆడుకుంటుంటే థర్మామీటర్ అంకె కోసం ఇవ్వాల్సిన పని కూడా లేదు. ఇస్తే మాత్రం బరువును బట్టి ఇవ్వాలి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు, రోజుకు 4 డోసులు మించకుండా. "ఒక స్పూను" అనేది డోసు కాదు. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉంటే, పక్క సీసాలో 250 ఉండొచ్చు. రెండూ గులాబీ రంగే, రెండూ తీపే. పైగా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ దాక్కుని ఉంటుంది, అది వేరే మందనుకుని రెండూ ఇచ్చేస్తారు.

వడదెబ్బలో కథ తిరగబడుతుంది. అక్కడ మీట జరగలేదు, శరీరమే వేడిని బయటికి పంపలేక చేతులెత్తేసింది. ఒళ్లు 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా, నీళ్లే మందు. బట్టలు వదులు చేసి, తడిపి, గాలి విసిరి, వీలైతే చల్లటి నీళ్ల తొట్టిలో ఉంచి వెంటనే చల్లబరచాలి. పారాసిటమాల్ అక్కడ ఏమీ చెయ్యదు, అప్పటికే దెబ్బతింటున్న లివర్ మీద భారం తప్ప. ఒకే తడిగుడ్డ, ఒక చోట అనవసరం, ఇంకో చోట ప్రాణం.

నీళ్ల విరేచనాలు: ఓఆర్‌ఎస్ ప్యాకెట్, ఇంట్లో కలిపింది, కూల్‌డ్రింకు

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిపోయిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపించి, రోగుల బంధువులచేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. పక్కన కూర్చున్న తల్లో అక్కో గ్లాసుతో చేసిన పని అది.

ఆ కిటుకు ఇప్పటికీ అదే. పేగు గోడలో గ్లూకోజునూ సోడియంనూ జంటగా లోపలికి లాగే ద్వారం ఉంది, వాటి వెంట నీళ్లు వస్తాయి. విరేచనాలు జోరుగా ఉన్నా ఆ ద్వారం మూతపడదు. అయితే జంట సరిగ్గా కుదరాలి. ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో లీటరుకు సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్స్, మొత్తం ఆస్మొలారిటీ (కరిగిన పదార్థాల గాఢత) 245. పాత ఫార్ములాలో అది 311 ఉండేది.

ఇంట్లో కలిపేది లీటరు నీళ్లకు 6 సమ టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. సోడియం, చక్కెర అందుతాయి గానీ పొటాషియం, సిట్రేట్ ఉండవు. దాని అసలు లోపం అది కాదు, చెయ్యి తప్పడం. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి బిడ్డకు ప్రమాదం. కన్నీళ్లకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపమని చెప్పండి. ప్యాకెట్ దొరికితే ప్యాకెట్టే మేలు, దొరికేదాకా ఇది. ప్యాకెట్‌లోనూ తప్పు చేస్తారు. లీటరు ప్యాకెట్‌ను రోజంతా కొంచెం కొంచెంగా గ్లాసులో కలుపుతుంటారు, అప్పుడు ప్రతి గ్లాసూ వేరే మందవుతుంది.

కూల్‌డ్రింకులు ఈ పోటీకి అర్హత లేనివి. చక్కెర ఎక్కువై పేగులోకి నీళ్లను తిరిగి లాగుతాయి, సోడియం దాదాపు లేదు. కాకపోతే ఒక చిన్న మినహాయింపు ఒప్పుకోవాలి. 2016లో కెనడాలో 6 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లలు, ఒంట్లో నీరు పెద్దగా తగ్గనివాళ్లు 647 మందిలో కొందరికి సగానికి సగం నీళ్లు కలిపిన ఆపిల్ రసం ఇచ్చి చూస్తే, ఎలక్ట్రోలైట్ ద్రవం తాగినవాళ్లకన్నా వాళ్లలోనే వైద్యం విఫలమైన కేసులు తక్కువ. కారణం రుచి అయుండాలి, తాగని మందు ఏం చేస్తుంది? కళ్లు గుంటలు పడి, ఒళ్లు వడలిన బిడ్డకు ఈ ఫలితం వర్తించదు.

తాగించే లెక్క: రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసుకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, మళ్లీ స్పూనుతో నిదానంగా. జింకు 10 నుంచి 14 రోజులు, రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు అయితే 10.

కాలిన గాయం

ఇక్కడ పోటీ ఏకపక్షం. కుళాయి కింద పారే చల్లటి నీళ్లు, 20 నిమిషాలు. కాలి మూడు గంటలైనా సరే ఇది పనికొస్తుంది, కాబట్టి ఆలస్యమైందని వదిలెయ్యకండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసెయ్యాలి. ఐస్ వద్దు. రక్తనాళాలు ముడుచుకుపోయి గాయం ఇంకా లోతుకు దిగుతుంది. చిన్నపిల్లలకు ఎక్కువ మేర కాలి ఉంటే గాయాన్ని చల్లబరుస్తూ మిగతా ఒంటిని వెచ్చగా కప్పాలి.

టూత్‌పేస్టు, నూనె వేడిని లోపలే ఉంచేస్తాయి, గాయం లోతు చూడనివ్వవు. చివరికి వాటిని గోకి తీసే పని మనదే, ఆ నొప్పి పేషెంటుది. ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా రాస్తున్న సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము కూడా పైపై గాయాల్లో మానడాన్ని ఆలస్యం చేస్తుందని కాక్రేన్ (పరిశోధనలన్నీ కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలు చెబుతున్నాయి. తెల్లటి పొర కట్టి టూత్‌పేస్టులాగే గాయాన్ని దాస్తుంది కూడా. తేనె ఇక్కడ మళ్లీ తెరమీదికొస్తుంది. చర్మం కొంత లోతు వరకే కాలిన గాయాలు తేనె డ్రెస్సింగ్‌తో మామూలు డ్రెస్సింగ్‌కన్నా నాలుగైదు రోజులు ముందే మానాయని 2015 కాక్రేన్ సమీక్ష. అది గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్య తేనె సంగతి, వంటింటి సీసా సంగతి కాదు.

ఐస్, కాపడం

బెణికిన మొదటి రెండు రోజులు ఐస్, గుడ్డ చుట్టి, 15 నుంచి 20 నిమిషాలు. నొప్పి తగ్గిస్తుంది, అంతకుమించి త్వరగా మాన్పుతుందనడానికి రుజువు బలంగా లేదు. బిగుసుకున్న కండరానికి, పాత నడుంనొప్పికి కాపడం. నెలసరి నొప్పిలో కాపడాన్ని చులకనగా చూడొద్దు. 2001లో జరిగిన ఒక పరీక్షలో పొత్తికడుపు మీద 39 డిగ్రీల వేడి పట్టీ ఐబుప్రోఫెన్‌తో సమానంగా పనిచేసింది. కడుపులో పుండు, ఎసిడిటీ, కిడ్నీ సమస్య ఉన్న అమ్మాయికి ఇది మంచి దారి. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకు మాత్రం ఐసూ వద్దు, కాపడమూ వద్దు. కాలుతున్న సంగతి వాళ్లకు తెలియదు. ఒకే పిక్క వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డ అనుమానం తీరేదాకా ఏదీ పెట్టొద్దు.

ముక్కు దిబ్బడ, వికారం

ఆవిరి పట్టడం వల్ల జలుబు త్వరగా తగ్గుతుందని సమీక్షల్లో తేలలేదు. మరిగే నీళ్ల గిన్నె ఒళ్లో పడి పిల్లలు కాలడం మాత్రం ఎక్కడైనా జరిగేదే. సెలైన్ చుక్కలు చాలు. ముక్కు కడుక్కునేవాళ్లకు మరిగించి చల్లార్చిన నీళ్లే వాడమనాలి.

వికారానికి మన ట్రేలోనే ఒక విచిత్రమైన మందుంది: స్పిరిట్ స్వాబ్. 2018లో అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన పెద్దవాళ్లు 122 మంది మీద చూస్తే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్వాబ్ వాసన పీల్చడం, నోటితో ఇచ్చే వాంతుల మందు ఒండాన్‌సెట్రాన్ ఒక్కదానికన్నా అరగంటలో ఎక్కువ ఉపశమనం ఇచ్చింది. ముక్కుకు రెండు సెంటీమీటర్ల కింద పట్టుకుని నెమ్మదిగా లోతుగా పీల్చమనడమే. మాత్ర పనిచేసేలోపు వాడటానికి ఇంతకన్నా చేతికందేది లేదు.

అల్లం గర్భిణుల వేవిళ్లలో రోజుకు ఒక గ్రాము వరకు వికారాన్ని కొంత తగ్గిస్తుంది, వాంతులను అంతగా కాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు అల్లం మాత్రలు మింగుతున్నారేమో కనుక్కోవాలి, రక్తస్రావం భయం ఉంది. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే "లేదండీ" అనే వస్తుంది, ఎందుకంటే అల్లం వాళ్ల దృష్టిలో మందు కాదు. "ఇంట్లో ఏం పట్టారు, ఏం రాశారు, ఏం మింగారు?" అని మూడు ముక్కలుగా అడిగి, ఎంత, ఎప్పటినుంచి అనేది కేస్‌షీట్‌లో మందుల వరసలోనే రాయండి.